అలసిన శరీరమా, పాపపు శరీరమా?

ఆత్మ ఒక దారికి, శరీరం మరో దారికి లాగుతూ వుంటే నడుమ నలిగిపోయే మనిషి క్రైస్తవ సాహిత్యానికంతకూ నాయకుడు. పౌలు లేఖల నుంచి టాల్‌స్టాయి కథల దాకా, పురుషోత్తమ చౌదరి కీర్తనల నుంచి ధారూరు జాతరలో మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పే కూలివాని దాకా ఈ మనిషి మనకు కనిపిస్తూనే వుంటాడు. ఇతన్ని గురించి మన విమర్శలో రెండు ధోరణులు పాతుకొని వున్నాయి. మొదటిది భక్తులది. ఈ సంఘర్షణ ఆదాము నాటినుంచీ వున్నదనీ, దేశకాలాలతో దీనికి నిమిత్తం లేదనీ వారంటారు. రెండవది మనది. ఇదంతా పాలకవర్గాలు పేదవాని తలకెక్కించిన పాపభయమనీ, ఆకలి తీరిననాడు ఆత్మ గొడవ దానంతటదే సద్దుమణుగుతుందనీ మనం తేల్చేస్తాం. మొదటి ధోరణి చరిత్రను చూడదు. రెండవది మనిషిని చూడదు.

నేను చెప్పదలచిన విషయం ఇది: ‘మానవ బలహీనత’ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలగలిసి వున్నాయి. మనిషి చేతిలో లేనిది ఒకటి. మనిషి చేతిలో వున్నది మరొకటి. వీటిని విడదీయటం విమర్శకుని బాధ్యత. విడదీయకపోతే ఒకపక్క పేదవాని మీద లేని నేరం మోపుతాం. మరోపక్క వున్న నేరాన్ని మాఫీ చేస్తాం.

ఈ ప్రశ్నకు జహీరాబాదు ప్రాంతం మంచి గీటురాయి. 1956 నవంబరు 1 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలో బీదరు జిల్లాకు చెందిన తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో వుంది. తెలుగూ కన్నడమూ ఉర్దూ ఒకే అంగడిలో వినిపించే సరిహద్దు నేల. జొన్న, కంది, శనగ పండే చోట తర్వాత చెరకూ అల్లమూ వచ్చాయి. ఇక్కడి మాదిగవాడల్లో మెథడిస్టు సంఘం ఈనాటిది కాదు. పక్కనున్న ధారూరులో మెథడిస్టుల క్రైస్తవ జాతర 1923లో మొదలై ఏటా నవంబరు మాసంలో జరుగుతూ వుంది. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద, ఇప్పుడు బస్సుల్లో, ఆటోల్లో వేలాది మంది అక్కడికి వెళతారు. వారిలో అత్యధికులు రెక్కల కష్టం మీద బతికేవాళ్లే. వారి అంతరంగంలో ఏం జరుగుతున్నదో చదవటం చేతకానివాడు వారిని సంఘటితం చేస్తానని బయలుదేరటం హాస్యాస్పదం.

ముందుగా మూలాన్ని చూద్దాం. ఆత్మకు కోరిక వున్నా శరీరం లొంగిపోతుందన్న ప్రసిద్ధమైన మాటను మత్తయి, మార్కు సువార్తలు గెత్సేమనే తోటలో క్రీస్తు నోట పెట్టాయి. ఆ సందర్భాన్ని మన ప్రసంగీకులు సాధారణంగా దాటేస్తారు. ఆ మాట కామాన్ని గురించి అన్నది కాదు, కల్లును గురించి అన్నదీ కాదు. రాత్రి పొద్దుపోయింది. మెలకువగా వుండమని చెప్పిన శిష్యులు నిద్రపోయారు. వారిలో పేతురూ, జెబెదయి కొడుకులూ చేపలు పట్టి బతికినవాళ్లు. వారు దుఃఖం చేత నిద్రపోయారని లూకా కారణం కూడా చెబుతాడు. అంటే క్రైస్తవ బలహీనతకు మూలవాక్యమనదగ్గ ఆ మాట అలసిపోయిన మనుషుల పట్ల జాలితో పుట్టింది. అక్కడ శరీరం పాపపు శరీరం కాదు, నిద్రకు ఆగలేని శరీరం.

పౌలు రోమీయులకు రాసిన లేఖ ఏడవ అధ్యాయంలో స్వరం మారుతుంది. తాను కోరిన మంచి చేయలేక, కోరని చెడు చేస్తున్నానని అక్కడ మనిషి తనతో తాను పోట్లాడతాడు. ఇది అలసట కాదు, చీలిన సంకల్పం. నాలుగైదు శతాబ్దాల సంధికాలంలో అగస్టీను తన ‘ఒప్పుకోలు’ గ్రంథంలో దీన్ని మరింత లోతుకు తీసుకుపోయాడు. కుర్రతనంలో స్నేహితులతో కలిసి పేరుపండ్లు దొంగిలించిన సంగతిని ఆయన పేజీల తరబడి విచారిస్తాడు. ఆయనకు అప్పుడు ఆకలి లేదు. ఇంట్లో అంతకన్నా మంచి పండ్లున్నాయి. దొంగిలించినవాటిలో చాలా భాగం పందులకు వేశారు. పాపంలోని రుచి కోసమే పాపం చేశానని ఆయన తేల్చుకొన్నాడు. ఈ విశ్లేషణ గొప్పదే. కాని ఒక విషయం గమనించండి: పాపాన్ని ఇంత స్వచ్ఛంగా చూడగలగటానికి ముందు కడుపు నిండి వుండాలి. దొర చేలో నాలుగు జొన్నకంకులు విరుచుకొన్న జీతగానికి ఈ విచారణ వర్తించదు. ఆ జీతగాని పక్షాన సువార్తలోనే సాక్ష్యం వుంది. శిష్యులు విశ్రాంతిదినాన ఆకలేసి పంటచేలో వెన్నులు తుంచుకొంటే, ధర్మశాస్త్రం తెలిసిన పెద్దలు తప్పుపట్టారు. క్రీస్తు మాత్రం ఆకలిగొన్న దావీదు ఉదాహరణ చెప్పి శిష్యులనే సమర్థించాడు. కంకులు తుంచినవాణ్ణి పండ్ల దొంగ భాషలో విచారించటం దగ్గరే మన చర్చిల బోధ దారి తప్పింది.

ఇక మన నేల మీదికి వద్దాం. నిజాం రాజ్యంలో మాదిగవాని దినచర్య వెట్టి. చెప్పులు కుట్టివ్వాలి, మోటకు తోలుబొక్కెన ఇవ్వాలి, డప్పు కొట్టాలి, కబురు మోయాలి, పిలిచినప్పుడు రావాలి. ఇటువంటి మనిషి బాప్తిస్మం తీసుకొంటే ‘అన్నం కోసం చేరినవాడు’ అని అగ్రకులాల వారు వెక్కిరించారు. మెదక్‌లో వెస్లియన్ మిషను కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహాదేవాలయం కరువు రోజుల్లో కూలీలకు పనీ అన్నమూ ఇచ్చింది కనుక, ఆ మతమంతా గంజి మతమేనని తేల్చిన మేధావులున్నారు. ఈ వెక్కిరింతను మనం కూడా కొంత భౌతికవాదం పేరుతో నెత్తికెత్తుకొన్నాం. ఇది భౌతికవాదమూ కాదు, వాదమూ కాదు. అక్షరం కావాలనుకోవటం, పదిమందితో పాటు బెంచీ మీదో జంపఖానా మీదో కూర్చోవాలనుకోవటం, తన బిడ్డకు తనకు నచ్చిన పేరు పెట్టుకోవాలనుకోవటం, వారంలో ఒక రోజైనా తన శరీరం తనదిగా వుండాలనుకోవటం – ఇవి అన్నం కన్నా తక్కువైన కోరికలు కావు. వెట్టివానికి ఆదివారం అన్న భావనే ఒక తిరుగుబాటు. ఆధ్యాత్మిక తృష్ణ అని పెద్ద మాటతో పిలిచేదానిలో ఈ కోరికలే ఎక్కువ పాలు.

మరి ఆదివారం నాడు దొర కబురంపితే? వెళ్లక తప్పదు. చర్చి దస్తరులో అది గైరుహాజరు. పాస్టరు నోట అది విశ్వాసంలో బలహీనత. ఇల్లు గడవక పండుగకు డప్పు కొట్టబోతే అది విగ్రహారాధనలో పాలు పంచుకోవటం. ఇక్కడ ఆత్మకూ శరీరానికీ మధ్య సంఘర్షణ ఏమీ లేదు. ఆత్మా శరీరమూ రెండూ చర్చికి వెళ్లాలనే కోరుకొన్నాయి; అడ్డం వచ్చింది గడీ. గడీ పేరును శరీరానికి పెట్టటం వల్ల దొర తప్పించుకొన్నాడు, కూలివాడు పశ్చాత్తాపపడ్డాడు.

ఈ మార్పిడి పాటలో ఎలా జరిగిందో చూడటం సాహిత్య విమర్శకు ముఖ్యం. తెలుగు క్రైస్తవ కీర్తనకు పెద్దదిక్కు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఒడియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవం పుచ్చుకొని, రాగతాళాలతో నూరుకు పైగా కీర్తనలు రాశాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటం ద్వారా అవి తెలుగు చర్చిలన్నిటికీ చేరాయి. తాను నీచుణ్ణి, దోషిని, ఏ యోగ్యతా లేనివాణ్ణి అని ప్రభువు పాదాల మీద పడటం ఆ సంప్రదాయానికి ప్రాణం. చౌదరి నోట ఆ మాటకు గొప్ప నైతిక విలువ వుంది. పుట్టుకతో శుద్ధుడని లోకం మొక్కిన మనిషి, ఆ శుద్ధిని తానే కాదనుకొని కిందికి దిగుతున్నాడు. అది అహంకారాన్ని వదులుకోవటం.

అదే పాట మాదిగవాడ చర్చిలోకి వచ్చింది. అక్కడ పాడే మనిషి వారంలో ఆరు రోజులూ గడీ ముందు ‘నీ బాంచెను, కాల్మొక్తా’ అన్నవాడు. తాను నీచుడని అతనికి కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. చౌదరికి దిగుడుమెట్టయిన మాట ఇతనికి వున్న చోటే కూలబడటం అవుతుంది. ఒకే పదం, ఒకే రాగం. పాడే గొంతు మారగానే అర్థం తలకిందులైంది. అయితే విషయం అంతటితో అయిపోలేదు. ఆ పాట మరొక సంగతి కూడా చెబుతుంది: మనుషులందరూ పాపులే. కర్మ సిద్ధాంతం అతనొక్కడే పూర్వజన్మ పాపి అన్నది, దొర పుణ్యాత్ముడన్నది. ఇప్పుడు దొర కూడా అదే బోనులో నిలబడ్డాడు. సార్వత్రిక పాపం అనే భావన వెట్టివానికి ఒక విచిత్రమైన సమానత్వాన్ని ఇచ్చింది. అతడు ఆ పాటను ఏడుస్తూ పాడినా లేచి నిలబడి పాడటానికి కారణం అదే. మార్క్సు 1844లో మతాన్ని మత్తుమందుతో పోల్చిన మాటను మనం కంఠస్థం చేశాం. అదే పేరాలో మతం బాధను వ్యక్తం చేస్తుందనీ, ఆ బాధ మీద నిరసన కూడా అవుతుందనీ అన్న భాగాన్ని మరచిపోయాం. ఆ కీర్తనలో రెండూ వున్నాయి.

జాషువా ఈ బోనును మరోవైపు తిప్పాడు. ‘గబ్బిలం’ (1941)లో అంటరానివాడు క్షమాపణ వేడుకోడు, ఫిర్యాదు చేస్తాడు. తాను ప్రవేశించలేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు కనుక, దాని చేత శివునికి కబురంపుతాడు. ముద్దాయి ఇక్కడ మనిషి కాదు, సంఘం. 1958లో వచ్చి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ‘క్రీస్తు చరిత్ర’లోనూ ఆయన కన్ను పడింది కరుణామయుడైన మనిషి మీద. చాలాకాలానికి మద్దూరి నగేష్‌బాబు తన దళిత క్రైస్తవ కవిత్వానికి ‘నరలోక ప్రార్థన’ అని పేరుపెట్టాడు. ‘పరలోక ప్రార్థన’ను ప్రతి వారం అప్పజెప్పే సంఘంలో ఆ ఒక్క అక్షరం మార్పు చాలు. ఈ కవులు చేసిన పని చరిత్రాత్మకం. కాని లెక్క బయటికి తిప్పిన ఉత్సాహంలో లోపలి లెక్క ఒకటి మిగిలిపోయింది. దాన్ని తర్వాత చూస్తాను.

జాతరల్లోనూ, ఉజ్జీవ కూటాల్లోనూ వినిపించే ‘సాక్ష్యం’ మన విమర్శకులు పట్టించుకోని మౌఖిక సాహిత్య ప్రక్రియ. నేను విన్న సాక్ష్యాలలో అత్యధికం ఒకే అచ్చులో పోసినట్టు వుంటాయి. తాగేవాణ్ణి, భార్యను కొట్టేవాణ్ణి, ఇల్లు గుల్ల చేశాను, ఒకనాడు ప్రభువు తాకాడు, ఇప్పుడు ముట్టను. చెప్పే భాష జీవమున్న భాష, చెప్పే ధైర్యం మెచ్చదగింది. తన తప్పును పదిమంది ఎదుట ఒప్పుకోవటం మన అగ్రవర్ణ ఆత్మకథల్లో కూడా అరుదు. కాని ఈ కథలో రెండు పాత్రలు ఎప్పుడూ కనిపించవు: సారా అమ్మినవాడు, దెబ్బలు తిన్న భార్య.

మొదటి పాత్ర సంగతి చరిత్ర చెబుతుంది. ఆబ్కారీ రాబడి నిజాం ఖజానాకు పెద్ద ఆధారం. ఆ తర్వాతి ప్రభుత్వాలకూ అంతే. మిషనరీలు దశాబ్దాల తరబడి తాగుడును ఒక్కొక్క మనిషి పాపంగా బోధించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రాల్లో చదువు నేర్చిన ఆడవాళ్లు దాన్ని దుకాణం పాపంగా, వేలంపాట పాపంగా చూశారు. సారా ప్యాకెట్లను ఊళ్లోకి రానివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానా గోల పెట్టగా 1997లో సడలింది. ఈ చరిత్ర ఒక విషయం రుజువు చేసింది: బలహీనతకు కూడా గుత్తేదారు వుంటాడు, లైసెన్సు వుంటుంది, దాని మీద పన్ను వుంటుంది. గుత్తేదారును వదిలి తాగినవాణ్ణి మాత్రమే మోకాళ్ల మీద నిలబెట్టే సాక్ష్యం సగం సాక్ష్యమే.

ఇంతకన్నా సున్నితమైన ఉదాహరణ ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులపు హోదా హిందువులకు పరిమితమైంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తించింది. క్రైస్తవులకు వర్తించలేదు. క్రైస్తవం తీసుకొన్న దళితులనూ వారి సంతతినీ మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంగా లెక్కిస్తారు. వారికి దక్కేది ఒక్క శాతం. హోదాను మతంతో ముడిపెట్టరాదని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. 2022లో మరో కమిషన్ వేశారు. నమ్మకం క్రైస్తవమై వుండి, రిజర్వేషను కోసం హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగాన్ని మోసగించటమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది. జహీరాబాదు శాసనసభా స్థానం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వయి వుంది. ఇటువంటి చోట కులం సర్టిఫికెట్టు అంటే హాస్టలు సీటు, కాలేజీ ఫీజు, ఉద్యోగం, రాజకీయ ప్రాతినిధ్యం.

ఇప్పుడు తహసీలు ఆఫీసులో మతం అనే గడి దగ్గర పెన్ను ఆగిపోయిన ఒక యువకుణ్ణి ఊహించండి. ఆదివారం చర్చిలో పాడిన నోటితోనే సోమవారం ఇక్కడ ఏం చెప్పాలి? పేతురు కథ అతనికి కంఠతా వచ్చు. ప్రధానయాజకుని పెరట్లో పనిపిల్ల అడిగితే, ఆయన్ను నేనెరుగనని పేతురు మూడుసార్లు బొంకాడు, కోడి కూసింది, పేతురు ఏడ్చాడు. అయితే యోహాను ఆ ఘట్టంలో ఒక చిన్న విషయం రాశాడు: అప్పుడు చలిగా వుంది, అందరూ మంట దగ్గర కాచుకొంటున్నారు, పేతురూ వారి మధ్య నిలబడ్డాడు. నిజమైన కథకుడు చలిని మరచిపోడు. పేతురు పిరికివాడే, కాని చలి కూడా నిజమే. మన యువకుని కథను ‘ద్రోహం’ అని పాస్టరు, ‘మోసం’ అని న్యాయస్థానం, ‘అవకాశవాదం’ అని పత్రికలు అంటాయి. వాడు వెళ్లవలసిన గదికి తలుపే అలా కట్టారని ఎవరూ అనరు. కులం మతంతో మారదని ప్రతి వాడకూ తెలుసు. చర్చిలోనే మాల బెంచీలూ మాదిగ బెంచీలూ వేరుగా వున్న ఊళ్లున్నాయి. చట్టం ఒక్కటే మారిందని నమ్ముతుంది. ఆ నమ్మకానికి మూల్యం ఆ కుర్రవాని అంతరాత్మ చెల్లిస్తున్నది.

ఇంతవరకు చెప్పినది విని మన మిత్రులు సంతోషిస్తారు. ఇకపై చెప్పేది అంత రుచించకపోవచ్చు. గడీని తీసేశాం, గుత్తేదారును తీసేశాం, చట్టాన్ని మార్చాం అనుకొందాం. అప్పుడు బలహీనత అనేది ఏమీ మిగలదా? సాక్ష్యంలో కనిపించని రెండవ పాత్రను పిలిచి అడగండి. గుత్తేదారు సారా అమ్మాడు, నిజమే. చెయ్యి ఎత్తినవాడు మాత్రం మొగుడే. అదే గుత్తేదారు సారా తాగి, అదే దొర తిట్లు తిని, ఇంటికొచ్చి చెయ్యెత్తని మగవాళ్లు పక్క గుడిసెలోనే వున్నారు. పరిస్థితి ఒకటే అయినప్పుడు ఇద్దరు మనుషులు రెండు రకాలుగా ఎందుకున్నారు? ఈ తేడాలో వున్నదే పౌలు చెప్పిన సంఘర్షణ. అది పేదవానికి కూడా వుంది. లేదనటం అతనికి అంతరాత్మ లేదనటమే. దొర ఎప్పుడూ అన్న మాట అదే. మీటింగులో స్త్రీ సమానత్వం మీద గంట మాట్లాడి ఇంట్లో నోరెత్తనివ్వని కార్యకర్తకు వేరే సిద్ధాంతం అక్కరలేదు, రోమీయుల ఏడవ అధ్యాయం సరిపోతుంది.

ఈ లోపలి లెక్కను గొప్పగా రాసిన కథ టాల్‌స్టాయిది: ఆయన మరణానంతరం 1911లో వెలువడిన ‘ఫాదర్ సెర్గీ’. రాచకుటుంబపు యువకుడు సన్యాసి అవుతాడు. ఒక స్త్రీ అతన్ని కదిలించబోతే గొడ్డలితో తన వేలు నరుక్కొని గెలుస్తాడు. కీర్తి పెరుగుతుంది, జనం మూగుతారు. చివరికి ఒక అమాయకపు పిల్ల దగ్గర పడిపోతాడు. పాఠకుడు ఇక్కడ కామమే అతని బలహీనత అనుకొంటాడు. టాల్‌స్టాయి అలా అనుకోలేదు. మఠం వదిలి పారిపోయిన సెర్గీ చిన్ననాడు ఎరిగిన పాషెంకా ఇంటికి చేరతాడు. ఆమె సంగీత పాఠాలు చెప్పి, జబ్బు అల్లుణ్ణీ పిల్లలనూ పోషిస్తున్నది. చర్చికి వెళ్లటానికి కూడా తీరిక చిక్కని మనిషి. అప్పుడు అతనికి తెలుస్తుంది: తాను దేవుని పేరుతో లోకుల మెప్పు కోసం బతికాడు, ఆమె మనుషుల కోసం బతుకుతున్నాననుకొంటూ దేవునికి దగ్గరైంది. ఆఖరుకు అతడు సైబీరియాలో ఒక రైతు తోటలో పనిచేస్తూ, పిల్లలకు చదువు చెబుతూ, రోగులను చూస్తూ వుండిపోతాడు. ఆత్మ, శరీరం అనే పాత జోడీని టాల్‌స్టాయి పక్కకు నెట్టి, మెప్పు, శ్రమ అనే కొత్త జోడీని నిలబెట్టాడు. భక్తుడైన రచయిత ఇక్కడ మన భౌతికవాదులకన్నా ఎక్కువ దూరం చూశాడు.

జహీరాబాదు వాడల్లో పాషెంకాలు తక్కువేమీ లేరు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో పేద దళిత స్త్రీలు బీడు పడిన చెలకలను సాగులోకి తెచ్చి, జొన్నా కొర్రా పండించి, విత్తనం దాచి, తమలో తాము ధాన్యం అప్పులిచ్చుకొన్నారు. 2008లో మాచునూరులో తమ సొంత రేడియో పెట్టుకొన్నారు. ఆకలి తమ తప్పు కాదని తెలుసుకోవటం, తమ చేతిలో వున్న పనికి తామే బాధ్యులమనుకోవటం – ఈ రెండూ అక్కడ ఒకదానికొకటి అడ్డం రాలేదు. ఏది చేతిలో లేదో తెలిసినవాళ్లకే ఏది చేతిలో వుందో స్పష్టంగా కనిపిస్తుంది.

మన కథకులకు నా విన్నపం ఈ దృష్ట్యా చేసేదే. మన కథల్లో క్రైస్తవుడు వచ్చినప్పుడల్లా మిషను నర్సుగానో, మతం మార్చే పాస్టరుగానో, మార్చబడ్డ బీదవాడుగానో వస్తున్నాడు. పశ్చాత్తాపపడే మనిషిగా, తనతో తాను తగవులాడే మనిషిగా రావటం లేదు. అటువంటి పాత్రను రాయబోయే యువకులు ముందు ధారూరు జాతరలో కూర్చొని సాక్ష్యాలు వినండి. ప్రతి సాక్ష్యానికీ రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇందులో గుత్తేదారు ఎక్కడ? ఇతని భార్యను అడిగితే ఏం చెబుతుంది? మొదటి ప్రశ్న అడగని కథ ప్రసంగమవుతుంది, రెండవది అడగని కథ కరపత్రమవుతుంది. రెండిటికీ జవాబు వెతికే కథ ఇంకా రావలసి వుంది. ఆ కథ ఆ వాడల్లోంచే, ఆ స్త్రీల చేతనే వస్తే మరీ మంచిది.